మారు అడగని మనుషులు

మా తమ్ముడి హోటల్ మూతపడింది వాస్తు వల్ల కాదు. ఈ మాట ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు. ఎవరూ వినరు. పాల్వంచ దాటి భద్రాచలం పోయే దారిలో, అడవి దగ్గరపడే చోట ఉండేది ఆ హోటల్. వంటగది ఆగ్నేయంలోనే ఉంది. కౌంటర్లో కూర్చునేవాడి మొహం తూర్పుకే ఉంది. అయినా ఒకాయన వచ్చి గేటు మార్చమన్నాడు, మార్చారు. ఇంకొకాయన వచ్చి చేతులు కడుక్కునే సింకు ఇటు జరపమన్నాడు, జరిపారు. మూతపడ్డాక బంధువులంతా కూర్చుని రోడ్డు బాగాలేదన్నారు, గోదావరి వరదలన్నారు, జనం అన్నీ ఫోన్లో తెప్పించుకుంటున్నారన్నారు. ఆ అడవిలో ఫోన్లో తెప్పించుకునేది ఎవరు? అక్కడ నెట్ సిగ్నల్ కోసం చెట్టెక్కాలి. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. వచ్చినవాళ్లు సగం కడుపుతో లేచిపోయారు, మళ్లీ రాలేదు. జరిగిందంతా ఇంతే. ఈ చిన్న సంగతి ఒప్పుకోవడానికి మావాళ్లకు నామోషీ.

ఇంత గట్టిగా చెప్పడానికి నీకేం తెలుసని అడగవచ్చు. నాకు తెలుసు. ఇరవై ఏళ్ల పైచిలుకు అన్నం వడ్డించినదాన్ని.

మాది మధిర దగ్గర పల్లె. తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. నన్ను మాత్రం బొగ్గు గనుల ఊళ్లో ఉద్యోగస్తుడికి ఇచ్చారు. మా ఆయన గనిలో ఫిట్టర్. మా అత్తగారు గనికి వెళ్లే దారిలో మెస్సు నడిపేది. పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు స్నానాలు చేసి, తలలింకా తడిగా ఉండగానే వచ్చి బల్లల ముందు కూర్చునేవారు. పెళ్లయిన నెలకే అత్తగారు నా చేతికి అన్నం బేసిన్ ఇచ్చి హాల్లోకి పంపింది.

మొదటిరోజు నేను చాలా మర్యాదగా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, "అన్నం వెయ్యమంటారా అండీ?" అని అడిగాను. ఒక్కొక్కరూ "వద్దమ్మా, చాలు" అన్నారు. పని ఇంత తేలికా అనుకుంటూ నిండు బేసిన్‌తో లోపలికి వచ్చేశాను. అత్తగారు బేసిన్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఏందే, గిట్లనే తెచ్చినవ్?"

"అందరూ వద్దన్నారత్తయ్యా."

"అడిగితే వద్దనక ఏమంటరే? నలుగురిల కూసొని, ఇంకింత పెట్టుమని నోరు దెరుస్తరా? మొకం జూడకు బిడ్డా, చెయ్యి జూడు."

బేసిన్ లాక్కుని తనే వెళ్లింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. నాతో వద్దన్న ప్రతి పళ్లెంలోనూ రెండేసి హస్తాల అన్నం వేసుకుంటూ పోయింది. ఒక్కరూ కాదనలేదు. చారు పోసుకుని తిన్నారు, మళ్లీ వేస్తే మజ్జిగ పోసుకుని తిన్నారు. నేను గుమ్మంలో నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ తర్వాత చేతులు చదవడం నేర్చుకున్నాను. పళ్లెంలో చివరి మెతుకులన్నీ ఒక పక్కకు పోగుచేస్తున్నాడంటే అన్నం కోసం చూస్తున్నట్టు. నీళ్లు తాగి గ్లాసు దూరంగా పెట్టకుండా దగ్గరే పెట్టుకున్నాడంటే ఇంకా అవ్వలేదన్నట్టు. చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నా, వేళ్ల మధ్య సందుంటే వెయ్యవచ్చు. వేళ్లు దగ్గరగా పెట్టి పళ్లెం మీదికి వంగితే మాత్రం నిజంగా వద్దని. చెయ్యి ఎండిపోయి, వేళ్లకంటిన పప్పును బొటనవేలితో రాలుస్తూ కూర్చున్నాడంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ మనిషి మన మీద ఆశ వదులుకున్నాడు. అక్కడిదాకా రానిచ్చామంటే తప్పు మనదే.

మన దగ్గర ఒంటి కూడు భోజనం ఉండదు. పప్పుకో అన్నం, పులుసుకో చారుకో ఇంకో అన్నం, పెరుగుకు మరో అన్నం. మారు వేస్తేనే భోజనం నడుస్తుంది. కానీ మారు అడగడం ఎవరికీ చేతకాదు. ఎవరింటికి పోయినా అడిగి వేయించుకోకూడదని పాలుతాగే వయసు నుంచీ నూరిపోస్తారు. పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి బంతి వెంట నడుస్తూ, వద్దన్నవాళ్లకల్లా వేయిస్తూ పోవాలి. అలా నడవకపోతే సరిగా భోజనాలు పెట్టలేదని పదేళ్లు చెప్పుకుంటారు. ఇదంతా తెలియనివాళ్లు ఈ జిల్లాలో ఎవరైనా ఉన్నారా? మా తమ్ముడికి తెలియదా? అన్నీ తెలిసినవాడే. బంతుల్లో పెరిగినవాడే. హోటల్ పెట్టగానే ఆ తెలిసినదంతా ఎటుపోయిందో నాకు అర్థం కాదు.

వాడు మధిరలో పత్తి వ్యాపారం వదిలేసి, తన వాటా పొలం అమ్మి ఆ హోటల్ కట్టాడు. అది నిలబడకపోతే వెనక్కి వెళ్లి దున్నుకోవడానికి సెంటు భూమి కూడా లేదు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఓపెనింగ్ రోజు నేనూ వెళ్లాను. ముందు గాజు తలుపులు, లోపల ఏసీ, గోడలకు గులాబీ రంగు దీపాలు. మెనూ పుస్తకం మా పిల్లల పదో తరగతి సోషల్ పుస్తకమంత మందం ఉంది. అందులో పేర్లు చదవడానికే పావుగంట పట్టింది. ఏది అడిగినా "అది ఇవ్వాళ లేదండీ" అన్నారు. లేనిదాన్ని రాయడం ఎందుకు? ఆకలితో వచ్చినవాడి చేత పరీక్ష రాయించి, చివరికి అందరికీ ఒకటే ప్లేటు భోజనం పెట్టడం ఎందుకు? హైదరాబాద్ నుంచి ఒక సలహాదారుణ్ణి పిలిపించి ఇవన్నీ చేయించాడట. ఆ మహానుభావుడు చెప్పిన ఇంకో మాట ప్రకారం, హాల్లో బేసిన్లు, బకెట్లు పట్టుకుని తిరగడం నాసిరకం హోటళ్ల పద్ధతి. పళ్లెంలో ఒక గిన్నె అన్నం బోర్లించి, చుట్టూ చిన్నచిన్న గిన్నెల్లో అన్నీ సర్ది ఇవ్వాలి. వడ్డించేవాళ్లు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు: అన్నం అన్‌లిమిటెడ్, అడిగి వేయించుకోండి.

ఆ రాత చూడగానే నాకు అత్తగారు గుర్తొచ్చింది. అప్పటికి ఆమె పోయి రెండేళ్లయింది. ఉంటే ఆ గోడ దగ్గర నిలబడి ఏం తిట్లు తిట్టేదో.

మొదటి నెల కొత్త మోజుతో హాలు నిండింది. భద్రాచలం పోయే యాత్రికుల కార్లు వరసగా ఆగేవి. రెండో నెలకు పలచబడింది. నాలుగో నెలలో వంటమనిషి మానేశాడు. మా ఆయన రిటైరయ్యాడు, అత్తగారు లేదు, మెస్సు లేదు, నేను ఖాళీగానే ఉన్నాను. "అక్కా, కొన్నాళ్లు వంటగది చూసుకో" అని తమ్ముడు ఫోన్ చేస్తే సంచీ సర్దుకుని వెళ్లాను.

వంటగదికీ హాలుకూ మధ్య కిటికీలాంటిది ఉంది. వండినవి అందులోంచే వెళతాయి, తిన్న పళ్లేలు అందులోంచే వస్తాయి. మూడురోజులు ఆ వచ్చే పళ్లేలు చూశాను. ప్రతి పళ్లెంలోనూ అన్నం ఒక్క మెతుకు లేదు. పెరుగు గిన్నె మాత్రం పెట్టింది పెట్టినట్టు ఉంది. సాంబారు ముట్టుకోలేదు. అన్నం పప్పుతోనే అయిపోయింది మరి. పెరుగు దేంట్లో కలుపుకుంటారు, చేతిలోనా?

ఇదే సంగతి తమ్ముడికి చెబుదామని వెళితే, వాడే ముందుగా మొదలుపెట్టాడు.

"చూసినవా అక్కా, పెరుగు ఎంత వేస్ట్ పోతుందో? జనం పెరుగు తినుడు మానేసిండ్రు. షుగర్లు, బీపీలు వచ్చినయ్ గదా. రేపటి నుంచి చిన్న గిన్నెలు పెట్టిస్తున్న."

ఉన్న అన్నం చాలక పెరుగు మిగిలిపోతే, పెరుగు ఎక్కువైందని తీర్పు చెప్పాడు. నేను చెప్పబోతే, "అన్నం అన్‌లిమిటెడే గదక్కా, అడిగితే పెడుతున్నం గదా, ఎవరన్న వద్దన్నరా?" అన్నాడు. చిన్న గిన్నెలు వచ్చాయి. అవీ అలాగే తిరిగొచ్చాయి. నెల తిరక్కుండానే పెరుగు తీసేసి, మజ్జిగ ప్యాకెట్ పెట్టారు. భద్రాచలం దారిలో భోజనానికి పెరుగు లేని హోటల్ మా తమ్ముడిదే అయి ఉంటుంది. దీనికి ఆ సలహాదారు ఫోన్లో మెచ్చుకున్నాడట కూడా.

ఆ గోడ పక్కన నిలబడే నలుగురి మీద నాకు కోపం లేదు. ఒడిశా నుంచి వచ్చినవాళ్లు. కదలవద్దని చెబితే కదలలేదు. నా కోపమంతా చెప్పినవాడి మీద.

ఎండలు ముదిరిన రోజుల్లో, బీడీల తునికాకు కోత సాగుతుండగా, ఒక మధ్యాహ్నం ముసలి దంపతులు వచ్చారు. కోయవాళ్లు. ఊరు దుమ్ముగూడెం అవతలట. కూతుర్ని ములకలపల్లి వైపు ఊరికి ఇచ్చారట, చూసి తిరిగి వెళుతూ బస్సు కోసం ఆగారని తర్వాత చెప్పారు. ఏసీ చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. లోపల ఖాళీ బల్లలు అన్ని ఉన్నా, సింకు పక్కన బల్ల చూపించారు వాళ్లకు. అదొకటి. బట్టలు చూసి బల్ల చూపించే హోటల్ బాగుపడాలని నేనెందుకు కోరుకోవాలి? తమ్ముడిది కాబట్టి కోరుకున్నాను.

ఇద్దరికీ రెండు పళ్లేలు వెళ్లాయి. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన నాలుగు ముద్దల్లో అన్నం అవగొట్టాడు. పొద్దున ఎప్పుడు తిన్నాడో పాపం. మెతుకులు పోగుచేశాడు. సాంబారు గిన్నె ఎత్తి నీళ్లలా తాగాడు. గోడ పక్కనున్న మనిషి వైపు ఒకసారి చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. ఆమె ఇదంతా గమనించి, తమ భాషలో ఏదో అంటూ, తన పళ్లెంలో మిగిలిన అన్నం పిడికెడు తీసి ఆయన పళ్లెంలో పెట్టింది. గోడ మీద అన్‌లిమిటెడ్ అని ఉంది. దాని కింద ఒక ముసలామె తన ముద్ద మొగుడికి ఇచ్చుకుంటోంది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బేసిన్ నిండా అన్నం తోడుకుని హాల్లోకి వెళ్లాను.

"సాలు తల్లీ, సాలు" అంటూ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల మధ్య బోలెడంత సందుంది. వేసేశాను. ఆమెకూ వేశాను. పప్పు తెచ్చాను, మా సిబ్బంది కోసం కాచిన చారు తెచ్చాను, నా కోసం తోడుపెట్టుకున్న పెరుగు తెచ్చాను. మూడుసార్లు వేశాను. మూడోసారి వేళ్లు దగ్గరపెట్టి పళ్లెం మీదికి వంగాడు. అప్పుడు ఆపాను. వెళుతూ ఆమె నా మోచెయ్యి పట్టుకుని, "దుమ్ముగూడెం దిక్కు వస్తే మా ఇంటికి రావాలె" అంది. ఆ హోటల్లో నేనున్న అన్నాళ్లలో ఎవరైనా అలా మనసు నిండి వెళ్లడం అదొక్కసారే చూశాను.

వాళ్లు గేటు దాటారో లేదో తమ్ముడు నన్ను కౌంటర్ దగ్గరికి పిలిచాడు.

"ఏందక్కా ఇది? ఇదేమన్న మెస్సా? అడగనోళ్లకు గిట్ల పెట్టుకుంట పోతే ఎంత వేస్ట్ అయితది?"

"ఒక్క మెతుకు వదిలిండ్రేమో పోయి చూడు."

"ఆకలైతే వాళ్లే అడుగుతరు గదా. నోరుంది గదా."

"నోరుంటే సరిపోదురా. నీ మెనూ చదువుడు, నీ గోడ చదువుడు, మళ్ల బిచ్చమడిగినట్టు అడుగుడు. అన్నం తినొచ్చిండ్రా, ఇంటర్వ్యూకొచ్చిండ్రా?"

"నువ్వు వంటింట్ల ఉండక్కా. హాల్లకు రాకు. కస్టమర్ల ముందట ఈ బేసిన్లు బాగుండవు."

హాల్లకు రాకు అన్నాడు. నన్ను. అన్నం వడ్డించడానికి రావద్దని నాతో అన్నవాడు వాడొక్కడే. ఆ రోజే సంచీ సర్దుకోవలసింది. పొలం గుర్తొచ్చి ఆగాను.

వాడి ధీమాకు ఇంకో కారణం ఉంది. తిని వెళ్లే ప్రతి మనిషినీ కౌంటర్ దగ్గర, "భోజనం ఎట్లుంది సార్?" అని అడిగేవాడు. ప్రతి మనిషీ సోంపు నోట్లో వేసుకుంటూ "బాగుందండీ" అనేవాడు. ఇంకేమంటాడు? మొహం మీద బాగాలేదని చెప్పే అలవాటు మనకెప్పుడుంది? వాడు అదంతా నమ్మేవాడు. నిజం చెప్పింది ఒక్క లారీ డ్రైవరే. "అన్నా, నీ కాడ తిన్నంక ముందట ఇంకో హోటల్ల ఆగాలె, గప్పుడే కడుపు నిండుతది" అన్నాడు. తమ్ముడు దాన్ని జోకు అనుకుని పెద్దగా నవ్వాడు. లోపల వింటున్న నేను మాత్రం నవ్వలేదు. ఆ లారీ మళ్లీ ఆగలేదు కూడా.

తర్వాత ఒక్కొక్క వైద్యమూ మొదలైంది. ఫోన్‌తో స్కాన్ చేసి అభిప్రాయం చెప్పే కాగితాలు ప్రతి బల్లకూ అంటించారు. నెట్ లేక అవి ఎవరికీ తెరుచుకోలేదు. నేను రోజూ పోరుతున్నానని, అన్నం కావాల్సినవాళ్లు నొక్కడానికి ప్రతి బల్లకూ ఒక బెల్లు పెట్టించాడు. నోటితో అడగలేనివాడు గంట కొట్టి అడుగుతాడా? హాలంతా వినబడేలా కొట్టి, నాకు ఇంకా ఆకలేస్తోందని చాటుకుంటాడా? పెట్టిన వారంలో ఆ బెల్లు నొక్కింది తల్లి ఒళ్లో ఉన్న ఒక చంటిపాప మాత్రమే. అన్నం పట్టుకుని పరుగెత్తుకుంటూ వెళ్లిన మనిషిని చూసి ఆ తల్లి, "అయ్యో, మాకేం వద్దండీ, పాప నొక్కింది" అంది. ఆమె పళ్లెం ఖాళీగా ఉంది. అతను తెచ్చిన అన్నం తెచ్చినట్టే వెనక్కి తీసుకుపోయాడు.

ఒక మనిషి బేసిన్ పట్టుకుని, కళ్లు తెరుచుకుని, బల్లల మధ్య నడిస్తే చాలు. దానికి గాజు తలుపులు అక్కర్లేదు, సలహాదారు అక్కర్లేదు. వేడి అన్నం కొంచెం కొంచెంగా, అయిపోకముందే వెయ్యాలి. సింకు దగ్గర సబ్బు ఉండాలి. నీళ్లు అడగకముందే పొయ్యాలి. ఉన్న నాలుగు కూరలే రాయాలి. నేను వాడికి చెప్పింది ఇంతకన్నా ఏమీ లేదు. ప్రతిసారీ "నీకు తెల్వదక్కా, ఇప్పటి బిజినెస్ వేరే" అన్నాడు. చెప్పీ చెప్పీ నా మనసు గట్టిపడిపోయింది. అనుభవించనీ అనుకున్నాను. అప్పట్లో రోజూ అలాగే అనుకునేదాన్ని.

వానలు మొదలయ్యాక ఒడిశావాళ్లు వెళ్లిపోయారు. ఏసీలు విప్పి తీసుకెళ్లడానికి మర్నాడు మనుషులు వస్తారనగా, ఆ మధ్యాహ్నం హోటల్లో నేనూ తమ్ముడూ మాత్రమే ఉన్నాం. ఎవరూ రారని తెలిసినా చేతులు ఊరుకోక పప్పు, గోంగూర, చారు వండాను. రాత్రి తోడుపెట్టిన పెరుగు తీశాను. "రా, తిను" అన్నాను. వాడు హాలు మధ్యలో బల్ల దగ్గర కూర్చున్నాడు. హోటల్ పద్ధతిలోనే పళ్లెం సర్ది ఇచ్చాను. ఒక గిన్నె అన్నం బోర్లించి, చుట్టూ గిన్నెలు పెట్టి. కోపంతోనే అలా సర్దాను. సర్దేసి, బేసిన్ నడుముకు ఆనించుకుని వంటగది గుమ్మంలో నిలబడ్డాను.

పప్పుతోనే అన్నం అయిపోయింది. వాడు మెతుకులు పక్కకు పోగుచేశాడు. నీళ్లు తాగి గ్లాసు దగ్గరే పెట్టుకున్నాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. అడుగు, అక్కనే కదరా నేను, అన్నం తెమ్మని ఒక్క మాట అను, అని లోపల్లోపల అంటున్నాను. వాడు ఎడమచేత్తో ఫోన్ తీసి, ఏమీ చూడకుండానే మళ్లీ పెట్టేశాడు. చారు, పెరుగు ఎదురుగానే ఉన్నాయి. చెయ్యి ఎండిపోయింది. వేళ్లకంటిన పప్పును బొటనవేలితో రాల్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. నాకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. నాలుగు అడుగులు వేస్తే వాడి పళ్లెం దగ్గర ఉంటాను. వెయ్యలేదు. వాడికి ఇప్పుడైనా తెలిసిరావాలని పంతం పట్టి అక్కడే నిలబడ్డాను.

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"పెరుగు తినలేదేందిరా?" అన్నాను.

"చాలక్కా, కడుపు నిండింది. బాగుంది" అన్నాడు, తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ.

పొద్దున్నుంచి వాడు ఒక్క టీ తప్ప ఏమీ తీసుకోలేదని నాకు తెలుసు. బేసిన్‌లో అన్నం ఇంకా పొగలు కక్కుతోంది. మెస్సులో ఎంత రద్దీ ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా, ఎవరికీ అలా చెయ్యలేదు నేను. నా చేతిలో అన్నం ఉండగా, నా కళ్లముందు నుంచి ఆకలితో లేచిపోయిన మొదటి మనిషి మా తమ్ముడే.